ప్రీమియం ఎకానమీలో రాత్రి నిద్ర పట్టాలంటే

నాది యంత్రాలు బిగించే పని. రాత్రి విమానం ఎక్కి, పొద్దున దిగి, గదిలో సామాను పడేసి స్నానం చేసి, మధ్యాహ్నానికల్లా ఏదో ఒక ఫ్యాక్టరీలో నిలబడాలి. మనిషినేమో 5 అడుగుల 11 అంగుళాలు. నడుంలో ఒక డిస్కు అరిగింది. ఎకానమీలో రాత్రంతా ముడుచుకుని కూర్చుంటే మర్నాడు కింద పడ్డ స్పానర్ తీసుకోవడానికి కూడా వంగలేను. బిజినెస్ క్లాస్ మా కంపెనీ ఇవ్వదు. అలా ఏడేళ్లుగా నా రాత్రులు ఆ రెండింటికీ మధ్య తరగతి అయిన ప్రీమియం ఎకానమీలో గడుస్తున్నాయి.

విచిత్రం ఏంటంటే, మొదటి నాలుగైదు ప్రయాణాల్లో నేను ఎకానమీలో ఎంత నిద్రపోయేవాణ్నో ఇక్కడా అంతే పోయాను. సీటు మంచిదే, దాన్ని వాడుకోవడం నాకే చేతకాలేదు.

ముందు ఒక లెక్క వేసుకోవాలి. 10 గంటల ఫ్లైట్ కదా, ఎలా లేదన్నా ఏడెనిమిది గంటలు పడుకోవచ్చు అనుకుంటాం. విమానం పైకి లేచి బెల్టు గుర్తు ఆరిపోవడానికి కాసేపు పడుతుంది. డ్రింక్స్ బండి వస్తుంది, తర్వాత భోజనం, తర్వాత ట్రేలు తియ్యడం. ఇదంతా అయ్యేసరికి సుమారు రెండు గంటలు. అటు చివర, దిగడానికి దాదాపు రెండు గంటల ముందే లైట్లు వేసి టిఫిన్ మొదలుపెడతారు. చేతిలో మిగిలేది ఆరు గంటల చీకటి. అందులో మీరు బాత్రూమ్‌కి లేచేది ఒకసారి, పక్కాయన లేచేది ఒకసారి, కుదుపులొచ్చి బెల్టు పెట్టుకోమని అనౌన్స్‌మెంట్ ఒకసారి. ఈ ఆరు గంటల్లో ఎంత కాపాడుకుంటే అంత. ఇక్కడ నేను చెప్పేదంతా దాని గురించే.

టికెట్ కొనేటప్పుడు

పేర్లు చూసి మోసపోకండి. కాళ్లకి కాస్త ఎక్కువ చోటున్న మామూలు ఎకానమీ సీటు వేరు, ప్రీమియం ఎకానమీ వేరు. యునైటెడ్‌లో ఎకానమీ ప్లస్ మొదటి రకం, ప్రీమియం ప్లస్ రెండో రకం. కేఎల్ఎమ్‌లో ఎకానమీ కంఫర్ట్, ప్రీమియం కంఫర్ట్ అని రెండూ ఉన్నాయి. బ్రిటిష్ ఎయిర్‌వేస్ అయితే ప్రీమియం ఎకానమీకి వరల్డ్ ట్రావెలర్ ప్లస్ అని పేరు పెట్టుకుంది. గుర్తుపట్టడానికి తేలిక దారి ఒకటుంది: అడ్డంగా ఎన్ని సీట్లున్నాయో చూడండి. బోయింగ్ 777లో ఎకానమీ ఎక్కువగా 3-4-3, అంటే రెండు కిటికీల వైపూ మూడేసి, మధ్యలో నాలుగు; ప్రీమియం ఎకానమీ 2-4-2. 787లో ఎకానమీ 3-3-3, ప్రీమియం 2-3-2. అడ్డంగా సీట్ల లెక్క తగ్గకపోతే అది ఎకానమీయే, పేరు ఎంత గొప్పగా ఉన్నా సరే.

కొలతల్లో చెప్పాలంటే, ఎకానమీలో ఒక వరసకీ ఇంకో వరసకీ మధ్య 31, 32 అంగుళాలుంటే ఇక్కడ 38 దాకా ఉంటుంది. ఎమిరేట్స్‌లో 40 దాకా. వెడల్పు 17, 18 నుంచి 19 అంగుళాలకి అటూ ఇటూగా పెరుగుతుంది. సీటు వెనక్కి వాలేది ఏడెనిమిది అంగుళాలు. ఈ మూడింట్లో నిద్రకి బాగా పనికొచ్చేది వాలడమే. కాళ్ల చోటు మెలకువగా ఉన్నప్పుడు సుఖం.

రెండు విమానాలు మారే ప్రయాణమైతే ఏ ముక్కలో ఏ క్లాసో విడివిడిగా చూసుకోండి. ఒకసారి నేను చూసుకోలేదు. టికెట్ మీద ప్రీమియం ఎకానమీ అనే ఉంది, కానీ అది మూడు గంటల పగటి ముక్కకి. తొమ్మిది గంటల రాత్రి ముక్కలో వచ్చిన విమానంలో అసలు ఆ క్యాబినే లేదు. రాత్రంతా ఎకానమీ మధ్య సీట్లో, మోకాళ్లు ముందు సీటుకి ఆనించి కూర్చున్నాను. ఎవర్ని తిట్టుకోను? వివరాల పేజీలో చిన్న అక్షరాల్లో రాసే ఉంది.

నా మటుకు నాకు పగటి విమానంలో ప్రీమియం ఎకానమీకి డబ్బు పెట్టడం దండగ. పుస్తకం చదువుకుంటూ, నడుస్తూ ఎకానమీలోనే గడిపేయొచ్చు. ఎటో ఒకవైపే డబ్బు పెట్టగలిగితే రాత్రి వైపు పెట్టండి. ఎకానమీ టికెట్ కొని తర్వాత అప్‌గ్రేడ్ కోసం బిడ్ వేసే పద్ధతి చాలా ఎయిర్‌లైన్స్‌లో ఉంది. వెయ్యండి, తప్పులేదు. కాకపోతే అది దొరికిందో లేదో చివరి ఒకటి రెండు రోజుల దాకా తెలియదు. దొరికినా కొన్ని చోట్ల సామాను పరిమితి పాత టికెట్‌దే ఉంటుంది, సీటు కూడా మిగిలిపోయినవాటిలోంచే వస్తుంది. నడుం నొప్పి ఉన్నవాళ్లు లాటరీ మీద ఆధారపడకూడదు.

ఏ సీటు

టికెట్ కొన్న రోజే సీటు ఎంచుకోండి. క్యాబిన్ చిన్నది, కొన్ని విమానాల్లో మొత్తం 24 సీట్లే. మంచివి త్వరగా అయిపోతాయి. ఎయిర్‌లైన్ సైట్‌లో కనిపించే బొమ్మ కంటే ఏరోలోపా అనే వెబ్‌సైట్‌లో ఉండే సీటు మ్యాప్ నయం. కిటికీ సీటుకి నేరుగా ఉందా లేదా అన్నది కూడా అందులో తెలుస్తుంది.

మొదటి వరస అంటే అందరికీ మోజు. ముందు ఎవరూ వాలరు, నిజమే. కానీ ఎదురుగా గోడ. కాళ్లు చాపితే బూటు గోడకి తగులుతుంది. ట్రే టేబుల్, స్క్రీన్ చేతిపట్టీలోంచి బయటికి రావాలి కాబట్టి ఆ పట్టీ పైకి లేవదు, సీటు కూడా కాస్త ఇరుకు. బ్యాగు నేల మీద పెట్టనివ్వరు, టేకాఫ్‌కీ ల్యాండింగ్‌కీ పైన అరలో పెట్టాల్సిందే. పసిపిల్లల ఉయ్యాల తగిలించేది కూడా ఆ గోడకే. పాపం పిల్లని ఏమనగలం, ఎత్తు మారితే చెవులు నొప్పి పుడతాయి, ఏడుస్తుంది. అయితే ఒక లాభం ఉంది. కొన్ని విమానాల్లో పిక్కల కింద లేచే పట్టీ మొదటి వరసకి మాత్రమే ఇస్తారు, వెనక వరసలకి ముందు సీటు కింద పాదాలు ఆనించుకునే కడ్డీ ఉంటుంది. పొట్టిగా ఉన్నవాళ్లకి ఆ పట్టీ హాయి. నా ఎత్తువాళ్లకి అది పిక్క మధ్యలో తగిలి పాదాలు గాల్లో వేలాడతాయి.

చివరి వరసలో వెనకవాళ్ల మోకాళ్ల గురించి మొహమాటం ఉండదు. కానీ వెనక ఉన్నది కిచెనా, బాత్రూమా, ఎకానమీ తెరా అన్నది మ్యాప్‌లో చూసుకోండి. తెర అయితే దాని కిందనుంచి వెలుతురు రాత్రంతా వస్తుంది.

రాత్రి నిద్ర కావాలంటే జంట సీట్లున్న వైపు కిటికీ పక్కది తీసుకోండి. ఎవరూ మిమ్మల్ని దాటి వెళ్లరు, తల ఆనించడానికి గోడ ఉంటుంది, కిటికీ తెర మీ చేతిలో ఉంటుంది. నాలాగ రాత్రిలో రెండుసార్లు లేచేవాళ్లయితే 2-3-2 విమానంలో మధ్య మూడింట్లో అంచు సీటు చూడండి. మధ్యలో కూర్చున్నవాళ్లకి అటో ఇటో రెండు దారులు. మీ మీదుగా దాటే అవకాశం సగమే. జంట సీట్లలో నడవ పక్క కూర్చుంటే మాత్రం కిటికీ మనిషి ఎన్నిసార్లు లేస్తే అన్నిసార్లూ మీరు లేవాలి.

ఇంకో మాట. జపాన్ ఎయిర్‌లైన్స్ లాంటి కొన్నింటిలో సీటు గట్టి డొప్పలాంటి గూట్లో ఉంటుంది. వాలినప్పుడు వెనక్కి పోకుండా గూట్లోనే ముందుకి జారుతుంది. ముందువాళ్లు మీ మీదకి రారు, మీరు వెనకవాళ్ల మీదకి పోరు. నాకైతే అది బాగా నచ్చింది. ఇంకా వాలితే బాగుండు అనుకునేవాళ్లూ ఉన్నారు.

ఎక్కాక, భోజనం దాకా

పైన అరలో పెట్టేదేదీ రాత్రికి పనికిరాదనుకోండి. చీకట్లో లేచి అర తెరిచి బ్యాగులో చెయ్యి పెట్టి గిలకొట్టడం అంటే అర్ధరాత్రి అంకమ్మ శివాలే. చిన్న గుడ్డ సంచి ఒకటి పెట్టుకుంటాను. అందులో కళ్లకి గంతలు, చెవిలో పెట్టుకునే మెత్తని ఫోమ్ ముక్కలు, బ్రష్షు, పెదాలకి రాసుకునేది, ఖాళీ నీళ్ల సీసా, పల్చటి స్వెటర్, వేసుకునే మందులు. సెక్యూరిటీ దాటాక సీసా నింపుకుంటాను. ఎయిర్‌లైన్ ఇచ్చే గంతలు బల్లపరుపుగా ఉండి కనురెప్పల్ని నొక్కుతాయి, కళ్ల దగ్గర ఉబ్బెత్తుగా ఉండేవి సొంతంగా కొనుక్కోండి. పవర్ బ్యాంక్ చేతిసంచిలోనే ఉండాలి, 100 వాట్ అవర్స్ దాటకూడదు. కొన్ని ఎయిర్‌లైన్స్ దాన్ని విమానంలో వాడనివ్వడం లేదు, కాబట్టి సీటుకున్న ప్లగ్గు కోసం వైరు ఉంచుకోండి.

కూర్చోగానే గడియారం దిగబోయే ఊరి టైముకి తిప్పేస్తాను. తర్వాత సీటు బటన్లన్నీ ఒకసారి నొక్కి చూస్తాను. ఈ సీట్లకి కదిలే భాగాలు ఎక్కువ, మొరాయించేవీ ఎక్కువే. వాలని సీటు గురించి తలుపులు మూయకముందు చెబితే వేరే సీటు చూసే అవకాశమన్నా ఉంటుంది. అర్ధరాత్రి చెబితే అయ్యో అంటారు.

భోజనం విషయంలో నాది కాస్త మొండి అభిప్రాయం. ప్రీమియం ఎకానమీలో తిండి ఎకానమీకంటే బాగుంటుంది, పింగాణీ ప్లేటు, గుడ్డ నాప్‌కిన్ ఇస్తారు. దానికోసం గంటన్నర నిద్ర పోగొట్టుకోవడం నాకిష్టం లేదు. ఎయిర్‌పోర్టులోనే తినేసి ఎక్కుతాను, భోజనానికి లేపొద్దని, టిఫిన్‌కి లేపమని ముందే చెబుతాను. పది గంటల కంటే తక్కువ ప్రయాణమైతే ఇదే సరైన పద్ధతి. పద్నాలుగు గంటలైతే హాయిగా తినండి, రాత్రి చాలానే ఉంటుంది. ప్రత్యేక భోజనం ముందుగా చెప్పుకుంటే సాధారణంగా బండి కంటే ముందే తెచ్చిస్తారు, అదో ఉపాయం.

తినేది తేలిగ్గా ఉండాలి. విమానం లోపల గాలి ఒత్తిడి 6,000 నుంచి 8,000 అడుగుల ఎత్తున్న కొండ మీద ఉన్నంతే ఉంటుంది. బోయింగ్ 787, ఎయిర్‌బస్ ఏ350ల్లో 6,000 దగ్గర ఉంచుతారు. ఆ తక్కువ ఒత్తిడిలో పొట్టలోని గ్యాస్ నాలుగో వంతు నుంచి మూడో వంతు దాకా ఉబ్బుతుంది. ప్యాంటు బిగుతుగా ఉందంటే కారణం అదే. మందు గురించి: ఒక గ్లాసు వైన్ తాగితే నిద్ర బాగా పడుతుందని నేనూ అనుకునేవాణ్ని. 2024లో జర్మనీ అంతరిక్ష పరిశోధన సంస్థ వాళ్లు విమానం లోపలుండే ఒత్తిడిలో, మందు తాగినవాళ్లని పడుకోబెట్టి చూశారు. రక్తంలో ఆక్సిజన్ తగ్గింది, నిద్రలో గుండె వేగం పెరిగింది. నేను మానేశాను. కాఫీ సంగతి వేరే చెప్పక్కర్లేదు, తాగిన ఐదు గంటలకి కూడా అందులో సగం ఒంట్లోనే ఉంటుంది.

పక్క వేసుకోవడం

ఇది తొందరగా అయ్యే పని కాదు, ఐదు నిమిషాలు పెట్టండి. లైట్లు ఆరక ముందే బాత్రూమ్‌కి వెళ్లి రండి, ట్రేలు తీసిన వెంటనే అందరూ అటే పోతారు.

మొదట సీటు నిటారుగా ఉండగానే నడుం పూర్తిగా వెనక్కి ఆనించి కూర్చోండి. మనం చేసే తప్పు ఏంటంటే, ముందు సీటు వాల్చేసి తర్వాత కిందికి జారతాం. అప్పుడు నడుం కింద ఖాళీ మిగిలి, గంటలో నొప్పి మొదలవుతుంది. స్వెటర్‌ని ముంజేయంత లావున చుట్టి, బెల్టు కట్టుకునే చోటుకి కాస్త పైన, నడుం గుంటలో పెట్టండి. మరీ లావైతే పొట్ట ముందుకి పొడుచుకొస్తుంది, ఒక చుట్టు విప్పండి. అప్పుడు వాల్చండి. వాల్చేముందు వెనక్కి తిరిగి చూడండి. వెనకాయన ల్యాప్‌టాప్ మూత మీ సీటు వీపుకి తగులుతూ ఉంటే అది నలిగిపోతుంది. నాదొకటి అలాగే పోయింది, అప్పుడు వెనక సీట్లో ఉన్నది నేను.

తల దగ్గరి దిండు భాగం పైకి లాగితే జరుగుతుంది. దాని రెక్కలు చెవుల దగ్గరికి వచ్చేదాకా లాగి, రెండు పక్కలా లోపలికి వంచండి. మెడ చుట్టూ పెట్టుకునే దిండు ఉంటే దాని తెరిచిన వైపు వెనక్కి తిప్పండి, లావు భాగం గడ్డం కిందకి వస్తుంది. నిద్రలో తల ముందుకే వాలుతుంది కాబట్టి అక్కడే ఆసరా కావాలి. ఎయిర్‌లైన్ ఇచ్చిన దిండు తల కింద పెట్టుకోవద్దు, కిటికీ వైపు మోచేతి కింద పెట్టుకోండి. చెయ్యి వేలాడకపోతే భుజం లాగదు.

కాళ్లకి పట్టీ సరిపోకపోతే, విమానం పైకి లేచాక గుడ్డ సంచిని నేల మీద పెట్టి పాదాలు దాని మీద ఆనించండి. మోకాళ్లు తుంటికంటే పిసరంత ఎత్తులో ఉంటే నడుం బరువు దిగిపోయినట్టుంటుంది.

ఆఖర్న దుప్పటి. కప్పుకుని దాని పైనుంచి బెల్టు పెట్టుకోండి, బకిల్ బయటికి కనబడాలి. కుదుపులొచ్చినప్పుడు సిబ్బంది టార్చి వేసుకుని బెల్టులు చూస్తారు. దుప్పటి కింద ఉంటే కనబడదు, తట్టి లేపుతారు. రాత్రికి రెండుసార్లు అలా లేపించుకున్నాక నాకు బుద్ధొచ్చింది.

ఫోన్ ఒళ్లో పెట్టుకుని నిద్రపోవద్దు. ఒకసారి రెండున్నరకి మెలకువ వచ్చి చూస్తే ఫోన్ లేదు. సీటు సందులోకి జారింది, వెలుగు కనిపిస్తోంది కానీ వేళ్లకి అందట్లేదు. సీటు కాస్త లేపితే వచ్చేస్తుందని బటన్ మీద చెయ్యి వేశాను. పక్క సీట్లో ఉన్న పెద్దావిడ గభాలున నా చెయ్యి పట్టుకుని ఆపేసింది, సిబ్బందిని పిలిచే లైటు తనే నొక్కింది. వాళ్లొచ్చి నన్ను లేవమని, మెత్త ఊడదీసి, కాళ్ల పట్టీ మడతబందు పక్కనుంచి ఫోన్ తీశారు. సీటు కదిలి ఉంటే ఆ ఇనుప చేతుల మధ్య ఫోన్ నలిగేది. లిథియం బ్యాటరీ నలిగితే అంటుకుంటుంది. యంత్రాలతో బతికేవాణ్ని, నాకు తట్టాల్సిన మాట ఆవిడకి తట్టింది. ఫోన్ జారితే సీటు కదపకుండా సిబ్బందిని పిలవండి. అసలు జారకుండా ముందు జేబులో పెట్టేయండి.

నిద్ర పట్టకపోతే టెన్షన్ పడి సినిమా పెట్టకండి. కళ్లు మూసుకుని నడుం వాల్చడం కూడా విశ్రాంతే. నాకు రాత్రిలో మూడున్నర, నాలుగు గంటల నిద్ర, అదీ రెండు ముక్కలుగా పడితే మంచి రాత్రి కింద లెక్క. మా ఆవిడ మాత్రం గంతలు పెట్టుకున్న పది నిమిషాల్లో గురక పెడుతుంది. ఏం చెయ్యగలం.

మెలకువ వచ్చినప్పుడు

మెలకువ వచ్చిన ప్రతిసారీ రెండు పనులు చెయ్యండి. నాలుగు గుక్కలు నీళ్లు తాగండి, లోపల గాలిలో తేమ 20 శాతం కూడా ఉండదు. మడమ నేలకి ఆనించి వేళ్లు పైకి, మళ్లీ వేళ్లు ఆనించి మడమ పైకి, ఇరవైసార్లు. పిక్క కండరం కదిలితేనే కాళ్లలో రక్తం పైకి వెళ్తుంది. నాలుగు గంటలు దాటిన ప్రయాణంలో కాలి సిరల్లో రక్తం గడ్డకట్టే ప్రమాదం రెట్టింపవుతుందని 2007లో ప్రపంచ ఆరోగ్య సంస్థ అధ్యయనం చెప్పింది. ఆరోగ్యంగా ఉన్నవాళ్లలో అది సుమారు 6,000 మందిలో ఒకరికి. భయపడేంత కాదు కానీ, సీటు పెద్దదైనంత మాత్రాన తప్పుతుందనుకోవద్దు, కారణం కదలకపోవడం. ఇంతకుముందు గడ్డకట్టినవాళ్లు, గర్భిణులు, ఈమధ్యే ఆపరేషన్ అయినవాళ్లు బిగుతు మేజోళ్ల గురించి డాక్టర్ని అడిగి ఎక్కాలి. నిద్రమాత్ర వేసుకుని ఆరు గంటలు బొమ్మలా పడి ఉండటం నాకైతే సమ్మతం కాదు.

టిఫిన్ లైట్లు వేశాక మళ్లీ పడుకోవద్దు. టిఫిన్ బండి రాకముందే బ్రష్షు తీసుకుని బాత్రూమ్‌కి వెళ్లండి, పదిహేను నిమిషాలు ఆగితే క్యూ కడతారు. బూట్లు ఎక్కేటప్పుడు వదులుగా ఉన్నవే వేసుకుని ఉండాలి, ఈపాటికి పాదాలు వాచి ఉంటాయి. తూర్పుకి వెళ్తున్నవాళ్లకి రాత్రి తొందరగా అయిపోయినట్టుంటుంది, ఒంట్లో గడియారం ముందుకి జరగడానికి మొరాయిస్తుంది. మామూలుగా అయితే దిగగానే ఎండలో అరగంట నడిస్తే మంచిది. ఆరేడు గంటలకి మించి తేడా ఉంటే మొదటి రోజు పొద్దుటి ఎండ ఎదురు తిరగొచ్చు, పొద్దున బయటికి వెళ్లాల్సొస్తే నల్లద్దాలు పెట్టుకోండి, ఎండలో నడక బాగా పొద్దెక్కాక పెట్టుకోండి.

దిగేముందు ఇంకొక్కటి. ఈ సీట్లకి అరలెక్కువ: కళ్లద్దాలకొకటి, సీసాకొకటి, పుస్తకానికొకటి, చేతిపట్టీ కింద ఇంకొకటి. నిద్రమత్తులో అన్నీ గుర్తుండవు. చదువుకునే కళ్లద్దాలు రెండు జతలు వదిలేశాక, ఇప్పుడు రాత్రి పెట్టినవన్నీ ఒకే అరలో పెట్టి, లేచేముందు మిగతావాటిలో కూడా చెయ్యి పెట్టి తడుముతున్నాను. పోయిన నెల అలా తడిమితే నాది కాని చెవిపోగు ఒకటి దొరికింది. సిబ్బందికి ఇచ్చి దిగాను.